పిల్లల్ని కొండకు పంపే ముందు: బెంగళూరు తెలుగు తల్లిదండ్రులు తేల్చుకోవాల్సినవి

దసరా సెలవులు అయ్యి స్కూళ్ళు తెరిచాయంటే బెంగళూరులో ట్రిప్పుల కాలం వచ్చినట్టే. నవంబరు నుంచి జనవరి దాకా శనివారం తెల్లవారుజామున మారతహళ్ళిలో, వైట్‌ఫీల్డ్‌లో, కె.ఆర్. పురంలో స్కూలు బస్సులు వరసగా నిలబడి ఉంటాయి. ఒకటి నంది కొండకు, ఒకటి శివగంగకు, ఇంకొకటి స్కందగిరికి. మా అమ్మాయి స్కూలు ట్రిప్పులకు తోడు వెళ్ళే తల్లిదండ్రుల్లో నేనూ ఉంటాను. పిల్లలు కొండలెక్కాలని నా గట్టి నమ్మకం. లిఫ్టులో ఎక్కి లిఫ్టులో దిగే పిల్లలు సొంత కాళ్ళతో ఒక బండ ఎక్కి చుట్టూ చూసినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. కాబట్టి పంపండి. పంపే ముందు కొన్ని సంగతులు మాత్రం తేల్చుకోండి.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది: "ఇక చాలు, వెనక్కి తిరుగుదాం" అనే మాట ఎవరు చెప్తారు?

బస్సు కదలకముందే ఆ మనిషెవరో అందరికీ తెలియాలి. టీచరు కావచ్చు, గైడు కావచ్చు, కానీ ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరూ తిరగమన్నాక ఇంకెవరూ "ఇంకో పది నిమిషాలే కదా మేడమ్" అనకూడదు. దాంతోపాటు తిరుగు సమయం కూడా ముందే రాసుకోవాలి. ఉదయం ఏడింటికి నడక మొదలుపెడితే, పదిన్నరకు ఎక్కడున్నా సరే, శిఖరం కళ్ళెదుటే కనిపిస్తున్నా సరే, తిరగాల్సిందే. దిగేటప్పటికి కాళ్ళలో సత్తువ ఉండదు, సీసాలో నీళ్ళుండవు, ఎండ నెత్తిమీదికి వచ్చేస్తుంది. మధ్యాహ్నం మొదలయ్యే ట్రిప్పయితే మరీ కష్టం. నవంబరు, డిసెంబరుల్లో ఇక్కడ ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది.

టీచర్లు తిరగడానికి ఎందుకు వెనకాడతారో దగ్గర నుంచి చూస్తుంటాను. డబ్బు కట్టించుకున్నాం, పైదాకా తీసుకెళ్ళకపోతే తల్లిదండ్రులు నిలదీస్తారు, పైన తీసిన గ్రూపు ఫొటో వాట్సాప్‌లో పెట్టకపోతే "ఏమైంది?" అని మెసేజీలు వస్తాయి. అంటే ఆ ఒత్తిడి మన దగ్గర నుంచే వెళ్తోంది. దాన్ని తీసేయడం కూడా మన చేతిలోనే ఉంది. సంతకం పెట్టేటప్పుడే క్లాసు టీచరుకు ఒక్క వాక్యం రాసి పంపండి: "సగం దారిలో తిరిగి వచ్చేసినా మాకు సంతోషమే, డబ్బు గురించి అడగం." నలుగురైదుగురు తల్లిదండ్రులు ఇలా రాస్తే ఆ టీచరుకు ఎంత ధైర్యమో!

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. స్కందగిరి లాంటి చోట్లకు అటవీ శాఖ అనుమతి కావాలి. కర్ణాటకలో ఇలాంటి ట్రెక్కులకు అరణ్య విహార వెబ్‌సైటులో ముందుగా బుక్ చేసుకోవాలి. ఆ రసీదు చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. పిల్లలెందరు, పెద్దలెందరు? వరసకు ముందొకరు, చివర ఒకరు పెద్దవాళ్ళు ఉంటారా? చివర నడిచే మనిషి తనకన్నా వెనక ఏ ఒక్క పిల్లనీ వదలకూడదు, అదే ఆయన పని, ఫొటోలు తీయడం కాదు. ఒక పిల్లాడికి దెబ్బ తగిలి ఒకరు ఆస్పత్రికి తీసుకెళ్తే మిగతా పిల్లలతో ఎవరుంటారు? దగ్గర్లో పాము విషానికి మందున్న ఆస్పత్రి ఏది? ఇవేవీ పెద్ద ప్రశ్నలు కావు. జవాబు వెంటనే రాకపోతే మాత్రం ఆలోచించాల్సిందే.

డ్రైవరు గురించి కూడా అడగండి. సూర్యోదయం చూపించాలని రాత్రి రెండింటికి, మూడింటికి బయల్దేరే ట్రిప్పులున్నాయి. ముందు రోజంతా స్కూలు బస్సు తిప్పిన మనిషే ఆ రాత్రి కూడా స్టీరింగు పట్టుకుంటున్నాడేమో కనుక్కోండి. పైగా చీకట్లో కొండెక్కడం మరో ప్రమాదం. రామనగర, సావనదుర్గ ప్రాంతాల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. తెల్లవారే ముందు, చీకటి పడే వేళ వాటి సంచారం ఎక్కువ. బాగా వెలుగొచ్చాకే నడక మొదలుపెట్టడం మంచిది.

బండ మీద నడక

బెంగళూరు చుట్టూ ఉన్నవి చాలావరకు గ్రానైటు కొండలు. సావనదుర్గ, మధుగిరి మొత్తం ఒకే పెద్ద బండలా కనిపిస్తాయి. ఎండిన గ్రానైటు మీద బూటుకు బాగా పట్టు దొరుకుతుంది. తడిస్తే కథ వేరు. బండ మీద పైనుంచి కిందికి నల్ల చారలు కనిపిస్తాయి చూడండి, అవి వాన నీళ్ళు జారే దారులు. ఆ నలుపు సన్నటి నాచు లాంటి పొర. మంచు పడ్డ ఉదయాన దానిమీద కాలు వేస్తే జారిపోతుంది. పిల్లలకు ఇది ముందే చూపించి, "నల్ల చార మీద అడుగు వేయొద్దు" అని చెప్పాలి.

పిల్లలు దెబ్బలు తగిలించుకునేది ఎక్కువగా దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు అలసట వాళ్ళను ఆపుతుంది, దిగేటప్పుడు వాలు వాళ్ళను పరుగెత్తిస్తుంది. ఒకడు పరుగు మొదలుపెడితే వెనక పదిమంది మొదలుపెడతారు. అందుకే దిగేటప్పుడు ముందున్న పెద్దమనిషిని ఎవరూ దాటకూడదన్న నియమం పెట్టాలి. మోకాళ్ళు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులతో, నేరుగా కాకుండా అడ్డంగా మెలికలు తిరుగుతూ దిగాలి. భయమేసిన చోట కూర్చుని జరుగుతూ దిగినా తప్పులేదు, ప్యాంటు చిరిగితే చిరిగింది. పీటీ రోజు వేసుకునే కాన్వాస్ బూట్లకు అడుగు నున్నగా ఉంటుంది, అవి వద్దు. కొత్త బూట్లు కొనాల్సిన పనిలేదు. అడుగున గాట్లు అరగని పాత స్పోర్ట్స్ బూట్లు చాలు.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఫోన్ల సంగతి గట్టిగా చెప్పండి. అంచు దగ్గర వెనక్కి నడుస్తూ ఫొటో తీసుకోకూడదు. నడుస్తూ స్క్రీను చూడకూడదు. మాకళిదుర్గ లాంటి చోట దారి రైలు పట్టాల పక్కగా పోతుంది. పట్టాల మీద నిలబడి రీల్స్ చేసే పెద్దవాళ్ళను చూసి పిల్లలూ అదే చేస్తారు.

తేనెటీగలు

ఈ కొండల్లో పాముకన్నా, చిరుతకన్నా నాకు ఎక్కువ భయం తేనెటీగలంటే. బండ చూరుల కింద కొండ తేనెటీగలు పెద్ద పెద్ద తుట్టెలు పెడతాయి. పొగ, రాయి విసరడం, గట్టి కేకలు, ఘాటైన సెంటు, ఏదైనా వాటిని రేపొచ్చు. ఆ రోజు పిల్లలకు సెంటు కొట్టకండి, ముదురు రంగు బట్టలు వేయకండి. తుట్టె కనిపిస్తే చెయ్యి చూపించి అరవకుండా, నెమ్మదిగా పక్కకు తప్పుకోవాలి.

ఒక ఈగ కుట్టిందంటే ఆ చోట వదిలిన వాసన మిగతావాటిని పిలుస్తుంది. కాబట్టి నిలబడి చేతులు విసరడం దండగ, వెంటనే అక్కణ్ణుంచి కదలాలి. ముఖం, మెడ చున్నీతోనో జాకెట్‌తోనో కప్పుకుని బస్సులోకో, తలుపులున్న గదిలోకో చేరాలి. నీళ్ళలో దూకితే లాభంలేదు, తల బయటపెట్టేదాకా అవి పైనే తిరుగుతుంటాయి. నిటారు బండ మీద ఉంటే మాత్రం పరుగు ఇంకా ప్రమాదం, కప్పుకుని, పెద్దల వెంట జాగ్రత్తగా దిగాలి. ముల్లును గోటితోనో కార్డు అంచుతోనో వెంటనే గీకి తీసేయండి. ఎలా తీశామన్నదానికన్నా ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం. నాలుక, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడినా, ఒంటినిండా కుట్టినా ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోను చేసి ఆస్పత్రికి బయల్దేరాలి.

నీళ్ళ దగ్గర

ట్రిప్పులో కొండతోపాటు ఒక నదో, జలపాతమో కలిపారా? అక్కడ మీ అభిప్రాయం గట్టిగా చెప్పండి.

2014 జూన్ 8 మన తెలుగువాళ్ళెవరూ మరిచిపోలేరు. హైదరాబాదు నుంచి వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఉండగా పైన లార్జి డ్యాం నుంచి వదిలిన నీళ్ళు వచ్చి తీసుకుపోయాయి. అక్కడ వాన లేదు. మేకెదాటు, సంగమ, ముత్తత్తి దగ్గర కావేరికీ ఇదే వర్తిస్తుంది. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన డ్యాముల నుంచి నీళ్ళు వదిలితే మట్టం పెరుగుతుంది. పైగా అక్కడ రాళ్ళు నున్నగా, సుడులు లోతుగా ఉంటాయి. సముద్రం కూడా అంతే. 2024 డిసెంబరులో కోలారు జిల్లా ముళబాగిలు నుంచి స్కూలు టూరుకు వెళ్ళిన నలుగురు అమ్మాయిలు మురుడేశ్వర తీరంలో మునిగి చనిపోయారు.

కాళ్ళు తడుపుకుంటామన్నా ఒప్పుకోకండి. స్కూలు ట్రిప్పులో నీళ్ళను దూరం నుంచి చూడాలి, అంతే. కొండల పక్కన పాత క్వారీ గుంతల్లో నిలిచిన పచ్చటి నీళ్ళూ అలాంటివే. అంచు నుంచి ఒక్కసారిగా లోతు ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఎవరైనా పడితే పిల్లలు వెనక దూకకూడదు. కేకలు వేసి పెద్దల్ని పిలవాలి, తాడో, చున్నీయో, కర్రో అందించాలి.

ఆకాశం, ఎండ

అక్టోబరులోనూ, ఏప్రిల్, మేల్లోనూ బెంగళూరులో మధ్యాహ్నం దాటాక ఉరుములు ఎక్కువ. మెరుపు చూశాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకు దాదాపు ఒక కిలోమీటరు. 30 సెకన్లలోపు వినపడితే శిఖరం, ఒంటరి చెట్టు, ఇనప రెయిలింగు వదిలేసి దిగాలి. కిటికీలు మూసిన బస్సు మంచి ఆశ్రయం. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్‌లో చుట్టుపక్కల పిడుగుల సమాచారం కనిపిస్తుంది, టీచరు ఫోనులో పెట్టించండి.

ఫిబ్రవరి నుంచి గడ్డి ఎండిపోతుంది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో గడ్డికి అంటుకున్న మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. చెన్నై నుంచి వెళ్ళినవాళ్ళు అందులో ఉన్నారు. వేసవిలో అటవీ శాఖ మూసిన దారిలో ఎవరు తీసుకెళ్తామన్నా పంపకండి.

పిల్లకు కనీసం రెండు లీటర్ల నీళ్ళు ఇవ్వండి. దాహం వేసే ముందే కొంచెం కొంచెం తాగాలి. అల్లరి చేసే పిల్లాడు హఠాత్తుగా మౌనంగా అయిపోతే, తలనొప్పి అంటే, వాంతి చేసుకుంటే, వెంటనే నీడలో కూర్చోబెట్టి ఒళ్ళు తడపాలి. మాట తడబడితే ఆస్పత్రికే. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తాన్ని ఒక లీటరు నీళ్ళలో కలపాలి, సగం కాదు. టెట్రా ప్యాకుల్లో తియ్యటి డ్రింకులను ఓఆర్ఎస్ అనుకోకండి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని చెప్పింది. డబ్బాలో పులిహోరో, చపాతీయో పెట్టండి. పెరుగన్నం ఎండలో బస్సులో పులిసిపోతుంది.

సంచిలో, జేబులో

ఉబ్బసం ఉంటే ఇన్‌హేలరు పిల్ల సంచిలోనే ఉండాలి. టీచరు బ్యాగులో ఉంటే అది బస్సులోనే ఉండిపోవచ్చు. మూర్ఛ, అలర్జీ, వాడే మందులు దాచకుండా రాసివ్వండి. పెద్ద తరగతుల అమ్మాయిలకు ప్యాడ్లు, చిన్న కాగితపు సంచులు. మెడలో ఒక ఈల వేయండి. దారి తప్పానని తెలియగానే ఉన్నచోటే నిలబడి, మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ ఊదాలని ఇంట్లోనే ఒకసారి చేయించండి. మీ ఫోను నంబర్లు రెండు కాగితం మీద రాసి జేబులో పెట్టండి, కొండ మీద సిగ్నలు ఉండకపోవచ్చు. అత్యవసరానికి 112.

మన పిల్లలు ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు మాట్లాడతారు. కొండ దగ్గర గైడో, పశువుల కాపరో అరిచేది కన్నడలో. కనీసం ఈ మాటలు నేర్పండి: నిల్లి (ఆగండి), బేడ (వద్దు), కెళగె బన్ని (కిందికి రండి), హావు (పాము), జేను (తేనెటీగలు), కరడి (ఎలుగుబంటి). నీళ్ళ దగ్గర బోర్డు మీద "నీరిగె ఇళియబేడి" అని ఉంటే నీళ్ళలో దిగొద్దని.

పాము కరిస్తే కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. గాజులు, ఉంగరాలు, బూటు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా చూసి, పిల్లను నడిపించకుండా మోసుకెళ్ళాలి. కోతి కరిచినా గీరినా సబ్బునీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు తీసుకెళ్ళాలి. శివగంగ మెట్ల మీద, నంది కొండ మీద చేతిలో తిండి పట్టుకుని తిరగొద్దని చెప్పండి.

ఇంటికి వచ్చాక స్నానం చేయించి, చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులో పిడుదులున్నాయేమో చూడండి. శివమొగ్గ, చిక్కమగళూరు, ఉత్తర కన్నడ అడవులకు వెళ్ళొస్తే ఇది మరీ ముఖ్యం, అక్కడ పిడుదుల వల్ల వచ్చే క్యాసనూరు అటవీ జ్వరం ఉంది. పిడుదు అంటుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నేరుగా లాగండి, నలపొద్దు, కాల్చొద్దు. మూడు వారాల్లోపు జ్వరం వస్తే, డాక్టరు దగ్గర కూర్చున్న వెంటనే పిల్ల ఏ కొండకు, ఏ తేదీన వెళ్ళొచ్చిందో చెప్పండి.