నాలుగో వారం బరువు దించుర్రి

జిమ్ముకు పోయే తమ్ముళ్లకు ఒక ముచ్చట. మూడు వారాలు బరువు పెంచుకుంట పోయినంక నాలుగో వారం దించాలె. మానుడు కాదు, దించుడు.

స్క్వాట్ (భుజాల మీద రాడ్డు పెట్టుకొని కూసొని లేసుడు) 80 కిలోలతోని ఐదేసి చొప్పున నాలుగు సెట్లు కొడుతున్నరనుకోర్రి. వచ్చే వారం 82.5, ఆ పై వారం 85. అంటే రాడ్డుకు అటొకటి ఇటొకటి 1.25 కిలోల ప్లేటు, గంతే. ఆ చిన్న ప్లేట్లు ఏ మూలకో దుమ్ము పట్టి ఉంటయి, ఎవ్వరు ముట్టరు. అడిగి తీసుకోర్రి. నాలుగో వారం 55కు దించి రెండే సెట్లు. చెమట గూడ సరిగ పట్టదు, పక్కోడు చూస్తే సిగ్గనిపిస్తది. అనిపించనీ. ఐదో వారం 82.5తోని మళ్ల మొదలు.

మా మిర్యాలగూడ దిక్కు ఇంకో లెక్క ఉన్నది. యాసంగి కోతలప్పుడు పొద్దంత 40 కిలోల వడ్ల బస్తాలు మోసి, సాయంత్రం పోయి డెడ్‌లిఫ్ట్ (కింద ఉన్న రాడ్డును వంగి ఎత్తుడు) కొడితే నడుముకు రెండూ ఒక్కటే. పోయినేడు గట్లనే చేసి, పది రోజులు వంగి చెప్పుల బెల్టు పెట్టుకోలేకపోయిన. ఇప్పుడు బస్తాల వారమే నాకు దించే వారం.

కొత్తగ మొదలువెట్టినోళ్లు ఆరు, ఎనిమిది వారాలు దించకుండ పోవచ్చు, వాళ్లు ఎత్తేదే తక్కువ. కానీ పోయిన వారం లేచిన బరువు వరుసగ రెండుసార్లు లేవకుంటే, రాత్రి నిద్ర గూడ సక్కగ పట్టకుంటే క్యాలెండర్ చూడకుర్రి, ఆ రోజే ప్లేట్లు తీసెయ్యుర్రి.