ఎన్నికల వేళ కృష్ణా నీళ్ల మాటలు: వినేముందు, పంపేముందు జాగ్రత్తలు

ఎన్నికలు దగ్గరపడితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ "నీళ్ల దోపిడీ", "తాకట్టు పెట్టారు" అన్న మాటలు జోరందుకుంటాయి. 2023 నవంబరు 30న తెలంగాణలో పోలింగ్. తెల్లవారితే ఓట్లనగా ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వచ్చి 26 గేట్లలో 13 తమ అధీనంలోకి తీసుకున్నారు. అలాంటి పూట ఒక మాట ఊరూరా పాకడానికి గంట చాలు.

"దోపిడీ"లో అంకె ఉండదు. అందుకే అది నిజమని తేల్చలేం, అబద్ధమనీ తేల్చలేం. ఏదో ఒక పక్షాన చేరడమే మిగులుతుంది. ఆ మాట వినగానే అడగాల్సినవి: ఎన్ని టీఎంసీలు? ఏ నీటి సంవత్సరంలో (జూన్ 1 నుంచి మే 31 వరకు)? ఏ కాలువ నుంచి?

అంకె చెప్పినా కొలత చూసుకోండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. టీఎంసీ అంటే నీటి పరిమాణం (వంద కోట్ల ఘనపుటడుగులు), క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీరు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. "44 వేల క్యూసెక్కులు తరలించుకుపోతున్నారు" అంటే గుండె గుభేలుమంటుంది. అది రోజంతా పారితే 3.8 టీఎంసీలు, మూడు గంటలే పారితే అర టీఎంసీ కూడా కాదు. ఎంతసేపో చెప్పని క్యూసెక్కుల లెక్కను నమ్మొద్దు.

వాటాల సంగతి. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చింది 811 టీఎంసీలు. 2015లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా సర్దారు. ఆ "తాత్కాలికం" మింగేసి, ఒకరు "రాసిచ్చేశారు" అంటారు, మరొకరు "హక్కుగా తేలిపోయింది" అంటారు. రెండు రాష్ట్రాల పంపకాన్ని 2023 అక్టోబరులో కేంద్రం కృష్ణా జలాల రెండో ట్రిబ్యునల్ అయిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. అసలు కేటాయింపు వేరు, వాడకం వేరు, వరద రోజుల్లో మళ్లించిన నీరు వేరు. ఒకదాని అంకె తెచ్చి ఇంకోదాని పక్కన పెడితే ఎవరినైనా దొంగను చేయొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం "ఆంధ్రోళ్లు", "తెలంగాణోళ్లు" అన్న మాటలు. గేటు ఎత్తమనేది ప్రభుత్వం, నాట్లేసే రైతు కాదు. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. "ఎడమ కాలువ తెలంగాణోళ్లది" అనేవారికి ఆ సంగతి గుర్తుండదు. "ఆంధ్రోళ్లు", "తెలంగాణోళ్లు" అని ఉన్నచోట "ఫలానా ప్రభుత్వం" అని పెట్టి చదవండి. వాక్యం నిలబడితే విమర్శ, కూలిపోతే తిట్టు. తిట్టును ఇంకొకరికి పంపకండి.

ఇక వీడియోలు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు బహిరంగ ప్రచారం ఆగుతుంది, ఫోన్లు ఆగవు. "ఇప్పుడే గేట్లెత్తారు" అని వస్తే ఆ రోజు జలాశయ నీటిమట్టం చూడండి. సాగర్ స్పిల్‌వే (వరద నీటిని కిందికి వదిలే భాగం) గేట్ల అడుగు 546 అడుగుల దగ్గర ఉంటుంది. మట్టం అంతకన్నా తక్కువుంటే, ఆ గేట్ల కింద నుంచి నీళ్లు దూకుతున్న వీడియో పాతది.