ఇంక్‌స్కేప్‌లో అతుకు కనబడని నమూనాలు, 4వ భాగం: గ్రేడియంట్ అంచు దాటినప్పుడు

గత భాగంలో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో, ఒకే రంగు నింపిన ఆకులతో టైల్ (పక్కపక్కన పరిస్తే నమూనాగా సాగే చదరం) తయారుచేసుకున్నాం. ఎడమ అంచు దాటిన ఆకును కుడి అంచు మీద కూడా పెట్టగానే పని పూర్తయింది, ఎందుకంటే ఆ ఆకులో ఉన్నది ఒక్కటే ఆకుపచ్చ. పెడనలో కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవారు కూడా కుడి అంచున ఆగిన తీగ ఎడమ అంచున అదే ఎత్తులో మొదలయ్యేలా చూసుకుంటారు. గ్రేడియంట్ (ఒక రంగు నుంచి మరో రంగుకు మెల్లగా మారే పూత) నింపిన ఆకారంతో పని చేసేటప్పుడు మాత్రం గీత కలిస్తే చాలదు. గీత లోపలి ఛాయ కూడా అంచుకు ఇరువైపులా ఒక్కటిగా ఉండాలి.

డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో పేజీని 600 పిక్సెళ్ల వెడల్పు, 600 పిక్సెళ్ల ఎత్తుకు మార్చండి. 160 పిక్సెళ్ల వ్యాసంతో ఒక వృత్తం గీసి, దాని అంచుగీతను పూర్తిగా తీసివేయండి. అంచుగీత ఉంటే దాని మందం కూడా కొలతలో కలిసి, పైపట్టీలో కనిపించే అంకెలు మారిపోతాయి. వృత్తంలో రేడియల్ గ్రేడియంట్ (మధ్య నుంచి చుట్టూ బయటికి రంగు మారేది) నింపి, షిఫ్ట్ మీట నొక్కి ఉంచి మధ్య పిడిని కొంచెం ఎడమకు, పైకి లాగితే మెరుపు ఆ మూలకు జరిగి, వృత్తం గాజు పూసలా కనిపిస్తుంది. ఇప్పుడు పైపట్టీలో ఎక్స్ విలువ -80, వై విలువ 200 ఇవ్వండి. పూసలో సరిగ్గా సగం పేజీ బయటికి వెళుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. కుడి అంచు మీద మరో వృత్తం గీసి, దానికి గ్రేడియంట్‌ను మళ్ళీ చేత్తో లాగుతారు. రెండు మెరుపులూ ఒకే చోట ఉన్నట్టే కంటికి అనిపిస్తాయి కానీ, టైళ్లు పక్కపక్కన చేరగానే పూస మధ్యలో నిలువుగా ఒక గీత తేలుతుంది. అందుకే రెండో పూసను గీయకూడదు, మొదటి పూస నుంచే పుట్టించాలి. పూసను ఎంచుకుని ఆల్ట్, డి మీటలు కలిపి నొక్కితే క్లోన్ తయారవుతుంది. తరువాత ట్రాన్స్‌ఫార్మ్ పలకలోని మూవ్ భాగంలో రిలేటివ్ మూవ్ ఎంచుకుని, అడ్డంగా 600, నిలువుగా 0 ఇచ్చి అప్లై నొక్కండి.

మామూలు నకలు కాకుండా క్లోనే ఎందుకు అంటే, అసలు పూస గ్రేడియంట్‌లో ఏ రంగు మార్చినా క్లోన్‌లోనూ అదే క్షణంలో మారుతుంది. పైగా ఇంక్‌స్కేప్ మొదటి అమరిక ప్రకారం అసలు పూసను జరిపితే క్లోన్ కూడా అంతే దూరం జరుగుతుంది కనుక, రెండింటి మధ్య 600 పిక్సెళ్ల ఎడం చెదరదు. నేను మొదట్లో నకళ్లతోనే పని చేసి, రంగు మార్చిన ప్రతిసారీ రెండో వైపు మరిచిపోయేవాణ్ణి. పూస మూల మీద పడితే మూడు క్లోన్లు కావాలి: ఒకటి అడ్డంగా 600, ఒకటి నిలువుగా 600, ఒకటి రెండు దిశల్లోనూ 600. కొత్త క్లోన్ ఎప్పుడూ అన్నింటికన్నా పైన చేరుతుంది కాబట్టి, ఎడమ వైపు ఆకు కింద ఉన్న పూస కుడి వైపు ఆకు మీదికి వచ్చిందేమో చూసి, అవసరమైతే పేజ్ డౌన్ మీటతో కిందికి దింపండి.

ఇక నేపథ్యం. నిజానికి ఈ పాఠంలో ఎక్కువ ఆలోచించవలసింది దీని గురించే. ఎడమ నుంచి కుడికి లేత నీలం ముదురు నీలంగా మారే గ్రేడియంట్ ఒక్క టైల్‌లో అందంగా ఉంటుంది, కానీ పక్క టైల్ చేరగానే ముదురు పక్కన లేత వచ్చి గోడ కట్టినట్టు కనిపిస్తుంది. గ్రేడియంట్‌ను ఎక్స్ 0 నుంచి 300 వరకే లాగి, రిపీట్ దగ్గర రిఫ్లెక్టెడ్ ఎంచుకోండి. రంగు సగం దూరం ముదిరి, మిగిలిన సగంలో వెనక్కి తిరిగి లేతబడుతుంది కనుక రెండు అంచులూ కలుస్తాయి.

ఏటవాలుగా కావాలంటే పిడిని మూల నుంచి మూలకు లాగాలని అనిపిస్తుంది, కానీ అలా కలవదు. ఎడమ పైమూల నుంచి అడ్డంగా 150, నిలువుగా 150 దగ్గర ఆపి, అదే రిఫ్లెక్టెడ్ పెట్టండి. ఏటవాలు గ్రేడియంట్‌లో రంగు అడ్డం దూరం, నిలువు దూరం కలిపిన మొత్తాన్ని బట్టి మారుతుంది. ఆ మొత్తం 300 అయ్యేసరికి ముదురు, 600 అయ్యేసరికి మళ్ళీ లేత. కాబట్టి ఏ దిశలో 600 జరిగినా అదే రంగు ఎదురవుతుంది.

అయినా అంచు వెంట సన్నని వెలుగు గీత ఒకటి కనిపించవచ్చు. రంగులు తూచినట్టు కలిసినా, మారే తీరు హఠాత్తుగా తిరగబడిన చోట కన్ను లేని గీతను చూస్తుంది. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 1865లో వివరించిన ఈ భ్రమను మాక్ పట్టీలు అంటారు. గ్రేడియంట్ గీత మీద రెండుసార్లు నొక్కి, రెండు కొసలకూ దగ్గరలో ఒక్కొక్క స్టాప్ (గ్రేడియంట్‌లో ఒక రంగును నిర్ణయించే బిందువు) చేర్చి, వాటికి కొస రంగుకు చాలా దగ్గరి రంగు ఇస్తే మలుపు మెత్తబడి గీత మాయమవుతుంది.

ఎగుమతిలో పేజ్ ఎంచుకుని, పిక్సెళ్లు పూర్ణసంఖ్యగా వచ్చేలా చూడండి. 96 డీపీఐకి (అంగుళానికి 96 పిక్సెళ్లు) 600, 300 డీపీఐకి 1875 వస్తాయి. 250 డీపీఐకి 1562.5 అవుతుంది కనుక దాన్ని వాడవద్దు. వచ్చిన 600 పిక్సెళ్ల చిత్రాన్ని కొత్త పేజీలోకి తెచ్చి, క్రియేట్ టైల్డ్ క్లోన్స్ పలకలో మూడు వరుసలు, మూడు నిలువులు ఇచ్చి పరచండి. మొదట దగ్గరగా అతుకులు వెతకండి, తరువాత దూరం చేసి ఏదైనా ఒక పూస మరీ ప్రస్ఫుటంగా పదే పదే కంటపడుతోందేమో చూడండి.

వచ్చే భాగానికి ఐదు పూసలతో, వాటిలో ఒకటి మూల మీద ఉండేలా, ఏటవాలు నేపథ్యంతో ఒక టైల్ సిద్ధం చేసుకోండి. క్లోన్లను అసలు నుంచి విడదీయకుండా ఫైలును అలాగే దాచండి, ఆ పూసలకే నీడలు వేయబోతున్నాం.