వాషింగ్ మెషీన్ మన చేతుల్లో – 3వ పాఠం: నీళ్లు పోవట్లేదు, స్పిన్ అవ్వట్లేదు

కిందటి పాఠంలో నీళ్లు లోపలికి రావడం చూశాం. కుళాయి, ఇన్‌లెట్ పైపు చివర ఉండే చిన్న జాలి, నీటి మట్టం పసిగట్టే సన్నటి గాలి గొట్టం, ఇవన్నీ అయిపోయాయి. ఈసారి నీళ్లు బయటికి పోవడం, ఆ వెంటనే జరిగే స్పిన్. రెండిటినీ ఒకే పాఠంలో ఎందుకు పెట్టానంటే మెషీన్‌కి అవి విడివిడి పనులు కావు. “స్పిన్ అవ్వట్లేదండీ, మోటారు పోయినట్టుంది” అనేవాళ్లని టబ్‌లో నీళ్లున్నాయేమో చూడమంటే, చాలాసార్లు ఉన్నాయనే అంటారు. నీళ్లుంటే అది స్పిన్ సమస్య కాదు, డ్రెయిన్ సమస్య. నీళ్లు పోయాయని సెన్సార్ చెప్పేదాకా ఆటోమేటిక్ మెషీన్ స్పిన్ మొదలుపెట్టదు. ఆ ఒక్క ముక్క తెలియక నేరుగా మోటారు మీద పడితే డబ్బు దండగ.

ముందుగా లోపల ఏం జరుగుతుందో తెలుసుకుందాం. అడుగున పల్సేటర్ (నీళ్లనీ బట్టల్నీ తిప్పే పళ్లెం) ఉన్న, పైనుంచి బట్టలు వేసే మామూలు టాప్‌లోడ్‌లో, ఉతికేటప్పుడు పల్సేటర్ ఒక్కటే అటూ ఇటూ తిరుగుతుంది, బట్టలుండే బుట్ట మాత్రం బ్రేక్ పట్టి కదలకుండా ఉంటుంది. ఉతకడం అయ్యాక అడుగున ఉన్న ఒక చిన్న డ్రెయిన్ మోటారు తీగనో కడ్డీనో లాగుతుంది. ఆ ఒక్క లాగుడుతో రెండు పనులవుతాయి: డ్రెయిన్ వాల్వ్ తెరుచుకుని నీళ్లు కిందికి పోతాయి, క్లచ్ మీట పక్కకి జరిగి బ్రేక్ వదులుతుంది. దాంతో ఆ తర్వాత పెద్ద మోటారు తిరిగినప్పుడు బుట్ట, పల్సేటర్ కలిసి ఒకే వైపు తిరుగుతాయి. అంటే ఆ చిన్న మోటారు మొరాయిస్తే నీళ్లూ పోవు, స్పినూ అవ్వదు. కొన్ని మోడళ్లలో వాల్వ్ బదులు నీళ్లని తోసే పంపు ఉంటుంది. మీదేదో తెలుసుకోవాలంటే డ్రెయిన్ పైపు ఎక్కడి నుంచి బయటికి వస్తోందో చూడండి. నేల దగ్గరగా వచ్చి కిందికే పోతుంటే సాధారణంగా వాల్వ్ రకం, వెనక పైకెక్కి వంపు తిరిగి కిందికి దిగుతుంటే పంపు రకం. సందేహముంటే మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తీసెయ్యండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ సాకెట్ నుంచి బయటికి రావాలి. బుట్ట తిరగడం పూర్తిగా ఆగాకే లోపల చెయ్యి పెట్టండి. మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ అనే చిన్న డబ్బాలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది కాబట్టి ప్లగ్ తీసినా దాని తీగల జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు పరీక్ష. టబ్‌లో నీళ్లు నిలిచి ఉండగానే ప్లగ్ పెట్టి, చేతులు తుడుచుకుని, స్పిన్ ఒక్కటే ఎంచుకుని స్టార్ట్ నొక్కండి. పక్కనే నిలబడి వినండి. టీవీ, ఫ్యాన్ ఆపేసి వింటే ఇంకా మంచిది, ఎందుకంటే మీకు కావలసిన శబ్దం చాలా చిన్నది. ముందు “టక్” అని గానీ సన్నగా “జ్జ్” మని గానీ వినిపించాలి, అది డ్రెయిన్ మోటారు లాగుతున్న చప్పుడు. పంపు ఉన్న మెషీన్‌లో అయితే గుయ్యిమని నిలకడగా మోగుతుంది.

ఏ చప్పుడూ లేదంటే ఆ చిన్న మోటారుకి గానీ పంపుకి గానీ కరెంటు అందడం లేదు, లేదా అదే పోయింది. అక్కడితో మీ పరీక్ష అయిపోయింది, మెకానిక్‌ని పిలిచి “డ్రెయిన్ మోటారు దగ్గర చప్పుడు రావట్లేదు, చూడండి” అని చెప్పండి. ఏం చూడాలో మీరే చెబితే వచ్చినతను ఊరికే ఇదీ అదీ మార్చే అవకాశం తగ్గుతుంది.

చప్పుడు వస్తోంది గానీ నీళ్లు కదలడం లేదా? చాలాసార్లు లోపం పైపు దగ్గరే దొరుకుతుంది, మెషీన్ దాకా పోనక్కర్లేదు. వాల్వ్ రకంలో నీళ్లు తమ బరువుతోనే కిందికి పోవాలి, తోసేవాళ్లు ఎవరూ లేరు. పైపు మధ్యలో ఎక్కడైనా గడప ఎక్కినా, గోడ మూల నొక్కుకుపోయినా, దాని మూతి నీళ్లు నిండిన గుంటలో మునిగినా, నీళ్లు అక్కడే ఆగిపోతాయి. పైపు మొత్తం నేలమీద వాలుగా ఉండాలి, మూతి గాల్లో తేలాలి. పంపు రకంలో దీనికి తలకిందులు: పైపు పైకెక్కి దిగకపోతే నీళ్లు వచ్చినవి వచ్చినట్టే జారిపోయి టబ్ ఎప్పటికీ నిండదు. మూతిని కిందున్న గొట్టంలోకి మరీ లోపలికి తోసినా, గాలి చొరబడకుండా బిగించినా అదే జరుగుతుంది. “నీళ్లు వస్తూనే ఉన్నాయి, నిండట్లేదు” అన్న ఫిర్యాదు వింటే నేను ముందు చూసేది ఈ పైపునే.

పైపు బాగుంటే లోపల ఏదో అడ్డం పడింది. దాని సంగతి చూడాలంటే ప్లగ్ మళ్లీ తీసేసి, టబ్ ఖాళీ చెయ్యాలి. పంపు రకంలో పైపు మూతిని నేలకు దించి బకెట్‌లో పెడితే నీళ్లు చాలావరకు వాటంతటవే వచ్చేస్తాయి. వాల్వ్ రకంలో వాల్వ్ మూసి ఉంటుంది గనక అలా రావు, మగ్గుతో తోడుకోవాల్సిందే. ఓపిగ్గా తోడండి, చివరి నీళ్లు గుడ్డతో పీల్చండి.

ఆ తర్వాత పల్సేటర్ తియ్యడం. నేర్చుకుంటే చాలా ఉపయోగపడే పని, మెకానిక్ కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేనిది. మధ్యలో చిన్న మూత లాంటిది ఉంటే గోటితో గానీ పలచటి ప్లాస్టిక్ ముక్కతో గానీ లేపండి, కింద ఒక స్క్రూ కనబడుతుంది. సాధారణంగా ఎడమ వైపు తిప్పితే వస్తుంది. సరిపడే స్క్రూడ్రైవర్‌నే వాడండి, తల అరిగిపోతే ఆ తర్వాత పడే తిప్పలు చాలా ఉంటాయి. స్క్రూ వచ్చినా పల్సేటర్ మాత్రం రాదు, అడుగున మురికి, సున్నం పేరుకుని పట్టేసి ఉంటుంది. అప్పుడు పక్కన స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదన్నొద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. బదులుగా రెండు గట్టి తాళ్లు తీసుకుని, ఎదురెదురుగా రెండు చోట్ల దాని అంచు కిందికి పోనిచ్చి, రెండు చేతులతో నిటారుగా పైకి లాగండి. ఒక వైపు కొంచెం, ఇంకో వైపు కొంచెం లేపుకుంటూ రండి. కాసిన్ని వేడి నీళ్లు పోసి కొంతసేపు వదిలేస్తే ఇంకా తేలిగ్గా వస్తుంది.

పైకి లేవగానే కిందున్నది చూడండి. బూడిద రంగు జిగురు ముద్ద, దాన్ని పట్టుకుని పోగులు, వెంట్రుకలు, కరగని పౌడరు గడ్డలు, ఒక నాణెం, ఒక గుండీ, ఎప్పుడో పోయిందనుకున్న పిన్నీసు. ఇదంతా మీ బట్టలు నానిన నీళ్లలోనే ఉంది. పాత టూత్‌బ్రష్‌తో గీకి, అడుగున ఉన్న రంధ్రాలన్నీ తెరుచుకునేలా కడగండి. తిరిగి పెట్టేటప్పుడు మధ్యలో ఉన్న పళ్లు ఇరుసు పళ్లలో సరిగ్గా కూర్చోవాలి. చేత్తో తిప్పితే పల్సేటర్ రాసుకోకుండా తిరగాలి. బుట్టని తిప్పబోతే గట్టిగా ఉంటుంది, అది బ్రేక్ పట్టి ఉండటం వల్ల, భయపడకండి.

ఇంత చేశాక కూడా నీళ్లు నెమ్మదిగా పోతుంటే వాల్వ్ లోపలే ఏదో ఇరుక్కుంది. వెనక ప్యానెల్ విప్పితే వాల్వ్ గూడు, దానికో మూత, లోపల స్ప్రింగ్, రబ్బరు గొట్టం కనబడతాయి. ఒక సాక్సు అక్కడ దాక్కోవడం పెద్ద విశేషమేమీ కాదు. రబ్బరు మీద పోగు పడి ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, అప్పుడు నీళ్లు పోకపోవడం కాదు, ఉతికేటప్పుడే కొద్దికొద్దిగా కారిపోతాయి.

నీళ్లు పోయాయి, అయినా బుట్ట తిరగట్లేదు అంటే వేరే దారి. ముందు మూత. మూత సరిగ్గా పడిందని మెషీన్‌కి తెలియాలి, కొన్నిటిలో మీట ఉంటుంది, కొన్నిటిలో అయస్కాంతం, కొన్నిటిలో తాళమే పడుతుంది. అక్కడ చేరిన పౌడరు తుడిచి, మూత గట్టిగా నొక్కి మళ్లీ ప్రయత్నించండి. ఆ స్విచ్‌ని దాటేసి వైరు కలిపేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. తిరిగే బుట్టలో చెయ్యి చిక్కితే ఎముకలు విరుగుతాయి, పిల్లలున్న ఇంట్లో అయితే ఆ పని అసలు చెయ్యనే కూడదు. మూత బాగుంది, మోటారు “హూం” అని మూలుగుతోంది గానీ తిరగట్లేదు అంటే కెపాసిటర్ అనుమానించాలి. ఉబ్బి కనబడితే ఇక సందేహం అక్కర్లేదు. దాన్ని మార్చడం మాత్రం తెలిసినవాళ్లకే వదలండి. మోటారు తిరుగుతున్న చప్పుడు ఉంది, బుట్ట కదలట్లేదు, రబ్బరు కాలిన వాసన వస్తోంది, మెషీన్ కింద నల్లటి పొడి పడుతోంది, అది బెల్టు. మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ మోడళ్లలో బెల్టే ఉండదు.

ఇక మిగిలింది: తిరగడం మొదలుపెడుతుంది, దడదడలాడుతుంది, ఆగిపోయి మళ్లీ నీళ్లు పట్టుకుంటుంది. బరువు ఒకవైపు చేరిందన్నమాట. నీళ్లు పట్టేది బట్టల్ని కదిపి సర్దుకోవడానికే, చెడిపోయి కాదు. ఒంటి దుప్పటి వేస్తే కావడికి ఒకవైపే కుండ కట్టినట్టు అవుతుంది, దానికి తోడుగా ఇంకో రెండు బట్టలు వేసి చుట్టూ సర్దండి. రెయిన్‌కోట్, వాటర్‌ప్రూఫ్ షీటు లాంటివి మాత్రం ఎప్పుడూ స్పిన్‌లో వెయ్యకండి. నీళ్లు వాటిలో సంచిలోలా నిలిచిపోయి, వేగం పెరిగాక ఒక్కసారిగా ఒకవైపు పడతాయి. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. 2016లో అమెరికాలో శాంసంగ్ దాదాపు 28 లక్షల టాప్‌లోడ్ మెషీన్లను రీకాల్ చేసింది, గట్టిగా ఊగినప్పుడు పై భాగం ఊడి వచ్చే ప్రమాదముందని. దుప్పట్లు, బరువైనవి, వాటర్‌ప్రూఫ్ బట్టలు వేసేటప్పుడు డెలికేట్ సైకిల్ వాడమని అప్పుడు వాడకందార్లకి చెప్పారు.

బట్టలు సరిగ్గా సర్దినా ఊగుతుంటే కాళ్లు చూడండి. పై అంచు మీద ఎదురెదురు మూలలు రెండు చేతులతో మార్చి మార్చి నొక్కితే మెషీన్ కదలకూడదు. కదిలితే ఆ కాలు తిప్పి నేలకు ఆనించి, దాని నట్టు పైకి బిగించండి. తర్వాత ఖాళీ బుట్టని ఒక మూల గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి వచ్చి నిలబడితే సరే, అలా ఊగుతూనే ఉంటే టబ్‌ని వేలాడదీసే నాలుగు సస్పెన్షన్ రాడ్లలో పట్టు తగ్గింది. మారిస్తే నాలుగూ కలిపి మార్పించండి, ఒక్కటే మారిస్తే టబ్ ఒకవైపు వాలుతుంది. స్పిన్‌లో గరగరమని పెద్ద హోరు, కింద తుప్పు నీటి మరక, ఇవి కనిపిస్తే బేరింగు. అది ఇంట్లో తేలే పని కాదు.

డిస్‌ప్లే మీద వచ్చే అక్షరాలు కూడా ఇవే చెబుతాయి. ఎల్‌జీలో ఓఈ అంటే నీళ్లు పోవట్లేదు, యూఈ అంటే బరువు ఒకవైపు, డీఈ అంటే మూత. శాంసంగ్‌లో 5సీ గానీ 5ఈ గానీ వస్తే డ్రెయిన్.

ఈ వారం మీకో పని. ఈసారి ఉతికినప్పుడు, డ్రెయిన్ మొదలైన క్షణం నుంచి నీళ్లు పూర్తిగా పోయేదాకా ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టుకుని చూడండి. ఏ నీటి మట్టంతో చూశారో కూడా కలిపి ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, మెషీన్ పక్కన అతికించండి. మూడు నెలలకోసారి అదే మట్టంతో మళ్లీ చూడండి, సమయం పెరుగుతుంటే నీళ్లు నిలిచిపోయే రోజు రాకముందే పల్సేటర్ విప్పొచ్చు. వచ్చే పాఠం బట్టల మీద పడే నల్లటి పొరలు, టబ్ వాసన గురించి. ఆలోపు తొందరపడి బ్లీచ్‌నీ, సిట్రిక్ యాసిడ్‌నీ కలిపి టబ్‌లో పొయ్యకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.