నిమ్మాకుల నుంచి సుగంధ తైలం ఇంట్లో తీయడం ఎలా?

నిమ్మాకును వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. మనం తీయబోయేది వాటిలోని తైలాన్నే.

1. ముందు ఆకు ఎంచుకోండి. వాసన, గుణం రెండూ దీన్ని బట్టే ఉంటాయి. నిమ్మాకు నూనెలో లిమోనీన్, సిట్రాల్ అనే వాసన రసాయనాలు ముఖ్యమైనవి. థాయ్ వంటల్లో వేసే మక్రూట్ నిమ్మాకులో ఎక్కువ భాగం సిట్రోనెలాల్, దోమలకు గిట్టనిది అదే. పుల్లనారింజ ఆకుల్లో లినాలిల్ ఎసిటేట్, లినాలూల్ ఎక్కువ. సెంట్లలో వాడే పెటిట్‌గ్రెయిన్ నూనె ఈ ఆకులదే, పరాగ్వే దీనికి పేరుపడ్డ దేశం. మీరు ఏ ఆకు తీసుకున్నా పురుగుమందు కొట్టని చెట్టుదై ఉండాలి.

2. అరకిలో ఆకులు కడిగి, తడి ఆరాక, సరిగ్గా పొయ్యి మీద పెట్టబోయేటప్పుడే చించండి. చాలాసేపు ముందుగా చించి పెడితే వాసన గాల్లో కలిసిపోతుంది.

3. పెద్ద గిన్నె మధ్యలో చిన్న స్టాండు, దానిమీద స్టీలు గిన్నె పెట్టండి. చుట్టూ ఆకులు వేసి, అవి మునిగేలా నీళ్లు పోయండి. నీళ్లు లోపలి గిన్నెలోకి పొంగకూడదు. గుండ్రటి మూతను తిరగేసి మూసి, పైన ఐసు ముక్కలు పెట్టండి. మూతకి చిల్లు ఉంటే గోధుమపిండి ముద్దతో మూసేయండి, అంచులు మాత్రం బిగించొద్దు. సన్నటి సెగ మీద 40 నిమిషాలు ఉంచండి. లిమోనీన్ విడిగా మరగాలంటే సుమారు 176 డిగ్రీలు కావాలి. నీటితో కలిస్తే మాత్రం 100 లోపే ఆవిరై, చల్లటి మూతకి తగిలి గిన్నెలోకి చుక్కలుగా జారుతుంది. ఐసు కరిగితే మార్చండి, నీళ్లు ఇగిరిపోకుండా చూసుకోండి.

4. చల్లారాక సన్నమూతి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. పైన తేలిన నూనెను డ్రాపర్‌తో తీయండి. ఇంటి పద్ధతిలో కొన్ని చుక్కలే వస్తాయి, నిరాశపడకండి. అడుగున మిగిలిన సువాసన నీళ్లూ పనికొస్తాయి.

సిట్రాల్ బూజులు, బ్యాక్టీరియా కణాల పొరను దెబ్బతీస్తుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. అంతమాత్రాన ఇది మందు కాదు. తాగొద్దు, గాయాలకు పూయొద్దు. చర్మానికైతే టీస్పూను కొబ్బరినూనెలో ఒక్క చుక్క చాలు, అదీ ముందు మోచేతి మడతలో రాసి, ఒక రోజు చూశాకే. ఇంట్లో పిల్లి ఉంటే దానికి దూరంగా ఉంచండి.

గాలి తగిలితే లిమోనీన్, లినాలూల్ మారిపోయి దద్దుర్లు తెప్పిస్తాయి. అందుకే నూనెను ముదురు రంగు చిన్న సీసాలో, నిండుగా దాచండి. సువాసన నీళ్లు ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయండి.