నడుస్తున్న ప్రోగ్రామ్‌కి స్ట్రేస్ తగిలించే ముందు

పర్లాకిమిడిలో ఒక కొట్టు బిల్లింగ్ సర్వర్ మీద సరిగ్గా సంత రోజునే స్ట్రేస్ పెట్టాను. ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ని, అంటే అది ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే పనుల్ని, వరుసగా చూపించే లినక్స్ పనిముట్టు ఇది. బిల్లులు నత్తనడక పట్టాయి, జనం గుమ్మం దాకా నిలబడ్డారు. కాబట్టి మొదటిది: రద్దీ తగ్గాకే మొదలెట్టండి. స్ట్రేస్ తగిలి ఉంటే ప్రతి సిస్టమ్ కాల్‌కీ ప్రోగ్రామ్ రెండుసార్లు ఆగుతుంది, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లోకి వెళ్ళేటప్పుడొకసారి, తిరిగొచ్చేటప్పుడొకసారి. డేటాబేస్‌ల మీద ఈ భారం మరీ ఎక్కువ. అనుమానం ఉన్న కాల్స్‌నే ఎంచుకోండి.

పీఐడీ, అంటే ఏ ప్రాసెస్‌కి (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి) తగిలిస్తున్నారో దాని నంబరు, రెండుసార్లు సరిచూసుకోండి. ప్రోగ్రామ్‌లో థ్రెడ్లు (ఒకేసారి నడిచే పాయలు) ఉంటే, వాటన్నిటినీ పట్టుకునే మైనస్ ఎఫ్ (-f) ఆప్షన్ మరవద్దు.

జీడీబీ అనే డీబగ్గర్ (తప్పులు వెతికే పనిముట్టు) ముందే తగిలి ఉంటే స్ట్రేస్ ఎక్కదు. ఒక ప్రాసెస్‌కి ఒక్కరే కాపలా. ఉబుంటులో మామూలుగా సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే ఆదేశం) కూడా కావాలి.

అవుట్‌పుట్ ఫైల్‌లోకి పంపండి, డిస్క్‌లో చోటుందో చూసుకున్నాకే. మీరు దూరం నుంచి లాగిన్ అయిన ఎస్‌ఎస్‌హెచ్ ప్రాసెస్‌నే ట్రేస్ చేస్తూ తెరమీద చూస్తే, రాసిన ప్రతి వరుసా ఇంకో వరుసను పుట్టిస్తుంది. నవ్వొచ్చే తప్పే, నేనూ చేశాను.

ఆ ఫైల్‌లో పాస్‌వర్డులు, కస్టమర్ల ఫోన్ నంబర్లు పడొచ్చు. బరంపురంలో ఉన్న స్నేహితుడికి వాట్సాప్‌లో పంపేముందు చెరిపేయండి. నెట్ తెగే ఊరైతే, కనెక్షన్ పోయినా పని ఆగనివ్వని టీమక్స్‌లో నడపండి. ఆపడానికి కంట్రోల్ సీ చాలు, ప్రోగ్రామ్ తన పని తాను చేసుకుపోతుంది.