గ్రూపు ప్రాజెక్టులో మీ ఆలోచన మీ దగ్గరే ఉండాలంటే

హైస్కూల్లో ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు వచ్చిందంటే చాలా తరగతుల్లో జరిగేది ఒకటే. సారు ఆరుగురిని కలిపి ఒక గ్రూపు చేస్తారు. ఫస్టు వచ్చే అమ్మాయి ఏం చేయాలో తేల్చేస్తుంది. దస్తూరీ బాగున్నవాడు చార్టు రాస్తాడు. మిగతా నలుగురూ స్కెచ్ పెన్నులు, జిగురు అందిస్తారు. మార్కులు అందరికీ పడతాయి. ఆ నలుగురికీ ఏమీ అబ్బదు, ముందున్న ఇద్దరికీ తమ తప్పు చెప్పేవాళ్లుండరు.

దీన్ని బద్ధకం అని కొట్టిపారేయకూడదు. ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మాన్ మనుషుల చేత తాడు లాగించి చూసి, 1913లో ఆ ఫలితాలు ప్రచురించాడు. జట్టు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గింది. అందరూ ఒకేసారి లాగలేకపోవడం అందుకు ఒక కారణం. 1979లో మనస్తత్వ శాస్త్రవేత్త బిబ్ లాటానే బృందం చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లో రెండో కారణం విడిగా కనిపించింది: ఎవరు ఎంత చేశారో బయటికి తెలియనప్పుడు మనిషి తన వంతు తగ్గించేస్తాడు. కాబట్టి హుషారు నిలవాలంటే ముందుగా మీ వంతు ఏదో విడిగా కనిపించాలి.

కూర్చోకముందే కాగితం

గ్రూపు మొదటిసారి కలిసేలోపు ఒక్కరే పావుగంట కూర్చోండి. ఫోను పక్కన పెట్టి మూడు విషయాలు రాయండి: ఈ అంశంలో నేను నిజంగా తెలుసుకోవాలనుకునేది ఏమిటి, అది ఎలా తెలుస్తుంది, జవాబు ఏమై ఉంటుందని నా అంచనా. అంచనా తప్పినా ఫరవాలేదు, కానీ రాసి ఉండాలి. ఇతరుల మాట విన్నాక మన మొదటి ఆలోచన ఏమిటో మనకే గుర్తుండదు.

1958లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశీలనలో, కలిసి కూర్చున్న నలుగురికంటే విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలు కలిపితే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు తట్టింది జారిపోతుంది. 1987లో డీల్, స్ట్రోబె అనే ఇద్దరు పరిశోధకులు ప్రధాన కారణం ఇదేనని చూపించారు.

తరగతిలోనే పది నిమిషాలు ఇచ్చి తేల్చుకోమంటే, అందులో మూడు నిమిషాలు మాట్లాడకుండా రాసుకుందామని అడగండి. తర్వాత ఒక్కొక్కరు తమ కాగితం చదవాలి. చదువులో అందరికంటే ముందున్నవాళ్లు తమ కాగితం చివర్లో చదవాలి. ఈ ఒక్క నియమంతో గ్రూపులో సగం మార్పు వస్తుందని మా నమ్మకం.

పని పంచుకునే తీరు

‘మా ఊళ్లో ఇళ్లకు నీటి వాడకం’ అనే ప్రాజెక్టు తీసుకుందాం. హెడ్డింగు నీది, బొమ్మ నాది, రాత వాడిది అని పంచుకుంటే ఆలోచన ఎవరికీ దక్కదు. ‘సమాచార సేకరణ: ముగ్గురు’ అని రాస్తే ఇంకా నష్టం. ప్రతివాడూ మిగతా ఇద్దరూ వెళ్లి ఉంటారనుకుంటాడు. ఒక పనికి ఒక పేరు, ఒక తేదీ రాసుకోండి. ఇరవై నాలుగు ఇళ్లయితే మనిషికి నాలుగు. దాంతోపాటు ఒక్కొక్కరికి ఒక సొంత ప్రశ్న: వేసవిలో ఎంత మారుతుంది, నీళ్లు మోసేది ఎవరు, కుళాయి నీళ్లు ఏ వేళకు వస్తాయి, అలా. ఒకరి దగ్గరున్న ముక్క లేకపోతే మిగతావారి లెక్క పూర్తికాకూడదు. ఇలాంటి పద్ధతినే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్ 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టాడు.

మీ వంతు మొదలుపెట్టడానికి ఎవరి కోసమూ ఆగక్కర్లేని చిన్న పని ఎంచుకోండి. ఇక్కడైతే మీ ఇంటి బిందె లీటరు సీసాతో కొలవడం. ‘వీలైనప్పుడు వెళ్తా’ అనుకున్న పని సాగదు. ‘శనివారం ట్యూషన్ అయ్యాక, మా వీధి చివర రెండిళ్లు’ అని వేళ, చోటు రాసుకుంటే సాగుతుంది.

లెక్క వచ్చాక అడగాల్సినవి

సొంతంగా ఆలోచించేది ఇక్కడే. ‘రోజుకు ఎన్ని లీటర్లు వాడతారు?’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఏదో ఒక అంకె అనేస్తారు. ‘ఎన్ని బిందెలు?’ అని అడగాలి, బిందె ఎంత పడుతుందో చూడాలి. ఒకరింట్లో 12 లీటర్లు పడితే పక్కింట్లో 18 పట్టొచ్చు. మోటారు, ట్యాంకు ఉన్న ఇంట్లో బిందెల లెక్క పనికిరాదు. ట్యాంకు ఎన్ని లీటర్లది, ఎన్ని రోజులకోసారి నింపుతారు అని అడగాలి.

ఐదుగురున్న ఇంట్లో రోజుకు 10 బిందెలు, బిందె 15 లీటర్లు అనుకోండి. మనిషికి 30 లీటర్లు వచ్చింది. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని లెక్క పెట్టుకుంది. అయితే ఆ ఇంటివాళ్లకు నీళ్లు చాలడం లేదా, లేక బట్టలు చెరువు దగ్గర ఉతికి, స్నానం బోరింగు దగ్గర చేసేది మీ లెక్కలోకి రాలేదా? గ్రూపంతా ‘రాసేద్దాం’ అంటున్నప్పుడు ఈ ప్రశ్న ఒకరు అడగాలి. అందరి ఇళ్లకూ 100, 150, 200 అని రౌండు అంకెలే వచ్చాయంటే ఎవరో ఇంట్లో కూర్చుని నింపి ఉండొచ్చు. ఇద్దరు విడివిడిగా ఒకే ఇంటికి వెళ్లి అడిగితే తెలిసిపోతుంది.

అడగడానికి జంకు సహజమే. 1950ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ యాష్ ప్రయోగాల్లో, గీతల పొడవు కళ్లెదుట కనిపిస్తున్నా, మిగతావాళ్లంతా కావాలని తప్పు చెప్పినప్పుడు, ఆ సంగతి తెలియని మనిషి ఇచ్చిన జవాబుల్లో మూడో వంతుకు పైగా వాళ్లవైపే ఒరిగాయి. తోడుగా ఒక్కరు నిజం చెప్పినా, జవాబు పైకి చెప్పకుండా రాయనిచ్చినా అది బాగా తగ్గింది. అందుకే గ్రూపులో ఏదైనా చేతులెత్తి తేల్చే ముందు మీ జవాబు చీటీ మీద రాయండి. ఎవరైనా ఒంటరిగా మాట్లాడుతుంటే, సబబనిపిస్తే ‘నాకూ అలాగే అనిపించింది’ అనండి. మనిషిని కాకుండా అంకెను ప్రశ్నించండి: ‘నువ్వు తప్పు చేశావురా’ కాదు, ‘ఈ 300 ఎలా వచ్చిందిరా?’ అని. ప్రతిదానికీ అడ్డం తిరగడం సొంత ఆలోచన కాదు. ఏది చూపిస్తే నా మాట మార్చుకుంటానో ముందే చెప్పగలగాలి.

ఒకరు పని చేయకపోతే గుట్టుగా మీరే పూర్తిచేయకండి. తేదీకి రెండు రోజుల ముందు ‘ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది?’ అని అడగండి. అప్పటికీ కదలకపోతే టీచరుకు ఆ రోజే చెప్పండి. చార్టు ఇచ్చే రోజున చెబితే చాడీ అవుతుంది.

ఇచ్చే ముందు రోజు చార్టు బోర్లా పెట్టి, పేర్లు చీటీల మీద రాసి తీయండి. ఎవరి పేరు వస్తే వాళ్లు వేరొకరి భాగం వివరించాలి. ఎక్కడ తడబడితే ఆ భాగం మళ్లీ చూడండి.